షిమ్మీ: స్టీరింగ్ వణుకు వెనక వందేళ్ల కథ

షిమ్మీ అనేది మొదట ఓ డాన్సు పేరు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో అమెరికాలో జాజ్ సంగీతానికి ఒళ్లు కదలకుండా భుజాలు మాత్రం టకటకా ఊపుతూ ఆడేవాళ్లు. అసభ్యంగా ఉందని కొన్ని డాన్సు హాళ్లలో నిషేధించారు కూడా. నాలుగైదేళ్లు తిరిగేసరికి అదే పేరు కార్ల ముందు చక్రాలకి అంటుకుంది. కారణం అదే: బండి తిన్నగా పోతూనే ఉంటుంది, ముందు చక్రాలు మాత్రం కుడికీ ఎడమకీ టకటకా ఊగిపోతుంటాయి, స్టీరింగు చేతిలో నిలవదు.

మనలో చాలామంది ఈ వణుకుని ఏదో ఒక రోజు చూసే ఉంటారు. హైవే మీద 80 దాటగానే స్టీరింగు జలదరిస్తుంది, 110 దాటితే మళ్లీ మామూలే. షాపుకి తీసుకెళ్తే "వీల్ అలైన్‌మెంట్ చేయించండి సార్" అంటారు. చేయించి బిల్లు కట్టి వస్తాం, వణుకు మనతోనే ఇంటికొస్తుంది. ఈ వణుకు వెనక వందేళ్ల ఇంజనీరింగ్ చరిత్ర ఉంది, సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా పరిచయమున్న కథలాగా ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

అన్నీ బాగానే ఉన్నాయి, కలిపితేనే తేడా

1920ల మొదట్లో కార్లకి రెండు మంచి మార్పులొచ్చాయి. ఒకటి బెలూన్ టైర్లు. అంతకుముందు టైర్లు సన్నగా, గట్టిగా ఉండేవి, వాటిలో గాలి బాగా ఎక్కువ ఒత్తిడితో నింపేవారు. 1923లో ఫైర్‌స్టోన్ కంపెనీ లావుపాటి టైర్లని, సగానికి సగం ఒత్తిడితో నడిచేవాటిని మార్కెట్లోకి తెచ్చింది. ప్రయాణం మెత్తబడింది, జనం ఎగబడ్డారు. రెండోది ముందు చక్రాలకి బ్రేకులు. అప్పటిదాకా చాలా కార్లకి వెనక చక్రాలకే బ్రేకులుండేవి. నాలుగు చక్రాలకీ పెడితే బండి తొందరగా ఆగుతుందని అందరికీ తెలిసిందే, 1924 మోడళ్ల నుంచి బ్యూక్ లాంటి పెద్ద కంపెనీలు కూడా పెట్టడం మొదలెట్టాయి.

ఈ రెండూ ఒకే కారులో కలిసేసరికి షిమ్మీ అంటువ్యాధిలా పాకింది. అంతకుముందు అసలు లేదని కాదు, కానీ ఇంత మందికి ఇంత గట్టిగా లేదు. టైరు వాళ్లని అడిగితే టైరు బాగానే ఉంది. బ్రేకు వాళ్లని అడిగితే బ్రేకు బాగానే ఉంది. స్టీరింగు గేర్ బాక్సు విప్పి చూస్తే అదీ బాగానే ఉంది. మన భాషలో చెప్పాలంటే ప్రతి మాడ్యూలూ యూనిట్ టెస్టింగ్‌లో పాసయింది, ఇంటిగ్రేషన్‌లో సిస్టమ్ కూలింది.

ఏం జరిగిందో అర్థం కావాలంటే చిన్న ప్రయోగం చాలు. సైకిల్ ముందు చక్రం ఊడదీసి, దాని ఇరుసుని రెండు చేతుల్తో రెండు వైపులా పట్టుకుని, ఎవరిచేతనైనా గట్టిగా తిప్పించండి. తిరుగుతున్న చక్రాన్ని పక్కకి వంచబోయి చూడండి. మీరు వంచిన దిక్కుకి వంగి ఊరుకోదు, కుడికో ఎడమకో తిరగబోతుంది. బొంగరం పడిపోకుండా ఒరుగుతూ గుండ్రంగా తిరగడానికి కారణమూ ఇదే, గైరోస్కోపిక్ ఎఫెక్ట్.

అప్పటి కార్లలో ముందు చక్రాలు రెండూ ఒకే ఇనప ఇరుసుకి చెరోవైపు ఉండేవి, ఎడ్లబండి లాగే. ఎడమ చక్రం రాయెక్కితే ఇరుసు మొత్తం ఒరుగుతుంది, దాంతోపాటు రెండు చక్రాలూ ఒరుగుతాయి. తిరుగుతున్న చక్రం ఒరిగితే ఏమవుతుందో పైన చూశాం కదా, పక్కకి తిరుగుతుంది. పక్కకి తిరిగితే గైరో మళ్లీ ఇరుసుని ఒరగబెడుతుంది. అది మళ్లీ చక్రాన్ని తిప్పుతుంది. మెత్తటి టైరు వల్ల ఇరుసు కిందా మీదా ఊగే వేగం తగ్గింది. బ్రేకుల బరువు చక్రాల దగ్గర చేరడం వల్ల పక్కలకి ఊగే వేగమూ తగ్గింది. రెండు ఊపులూ మామూలుగా నడిపే వేగాల్లోకి దిగొచ్చి, ఒకదానికొకటి తాళం వేసుకోవడం మొదలెట్టాయి.

పెళ్లిమంటపంలో మైకు కుయ్యిమని అరవడం అందరం విన్నాం. మైకు మంచిదే, స్పీకరు మంచిదే, ఆంప్లిఫయర్ మంచిదే. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరడమే తప్పు. తప్పు వస్తువులో లేదు, వలయంలో ఉంది. షిమ్మీ అచ్చంగా అలాంటిదే.

ప్యాచ్ మీద ప్యాచ్

మొదట్లో అందరూ చేసింది మనం చేసేదే: ప్యాచ్ వేయడం. స్టీరింగులో రాపిడి పెంచారు, దాంతో తిప్పడానికి చేతులు పడిపోయేవి. స్ప్రింగులు గట్టిపరిచారు, దాంతో బెలూన్ టైరు ఇచ్చిన సుఖం పోయింది. ఊపుని మింగే డాంపర్లు తగిలించారు, కాస్టర్ కోణం మార్చి చూశారు. ఒక మోడల్లో పనిచేసిన మందు ఇంకో మోడల్లో పనిచేసేది కాదు.

1925లో జార్జ్ బ్రూలియే అనే ఫ్రెంచి ఇంజనీరు దీన్ని శాస్త్రంగా పట్టుకున్నాడు. ఆయన గమనించిన ముఖ్యమైన సంగతి టైరు గురించి. టైరు ఎటు చూస్తోందో కచ్చితంగా అటే పోదు. పక్క నుంచి ఒత్తిడి పడితే రబ్బరు సాగి, కొంచెం కోణంలో పక్కకి జరుగుతూ దొర్లుతుంది. అంటే టైరు ఓ గట్టి చక్రం కాదు, దాని స్పందన కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆలస్యంగా స్పందించేదేదైనా ఫీడ్‌బ్యాక్ వలయంలో పడితే ఊగిసలాట రావచ్చని సిస్టమ్స్ చదువుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఈరోజు వాహన గతిశాస్త్రం మొత్తం ఆ పక్కజారుడు కోణం మీదే నిలబడి ఉంది. అంత పెద్ద సంగతి ఓ విసిగించే వణుకు వెనక పడితే దొరికింది.

ఆలీ గారి లిమోజిన్

అసలు పరిష్కారం అమెరికాలో పెద్ద ఎత్తున వచ్చింది 1934లో. దాని వెనకున్న మనిషి మారిస్ ఆలీ, ఇంగ్లీషువాడు. రోల్స్ రాయిస్ అమెరికా శాఖలో పనిచేసి, 1930లో జనరల్ మోటార్స్ వారి కాడిలాక్‌లో చేరాడు. ఆయనకప్పజెప్పిన పని షిమ్మీ కాదు, ప్రయాణ సుఖం.

1932లో ఆయన ఓ పెద్ద లిమోజిన్ తీసుకుని, ముందూ వెనకా జరపగలిగే బరువులు తగిలించి, రకరకాల అమరికల్లో నడిపి చూశాడు. సుఖాన్ని కొలిచే పరికరమేదీ లేదు. కూర్చున్నవాళ్లని "ఎలా ఉంది?" అని అడగడమే. (యూజర్ టెస్టింగ్ మనం కనిపెట్టింది కాదన్నమాట :-) ) తేలిందేమిటంటే, వెనక స్ప్రింగుల కన్నా ముందు స్ప్రింగులు మెత్తగా ఉంటేనే బండి గుర్రంలా ఎగరకుండా చదునుగా పోతుంది. అప్పటిదాకా ఉన్న పద్ధతి దీనికి పూర్తి తిరగేసి, ముందు స్ప్రింగులే గట్టిగా ఉండేవి.

మరి ముందు స్ప్రింగులు మెత్తబరిస్తే? షిమ్మీ విజృంభించింది. ఒకటే ఇరుసున్నంత కాలం మెత్తటి స్ప్రింగులూ, నిలకడైన స్టీరింగూ రెండూ దొరకవు. అప్పుడు ఆలీ బృందం డాంపర్ల జోలికి పోకుండా ఆ ఇరుసునే తీసేసింది. రెండు చక్రాలనీ దేనికది విడిగా, పైనొకటి కిందొకటి చేతుల్లాంటి కడ్డీలకి తగిలించారు. ఇప్పుడు ఎడమ చక్రం రాయెక్కితే దాదాపు నిట్టనిలువుగానే పైకి లేస్తుంది, పెద్దగా ఒరగదు. ఒరగకపోతే గైరో తన్నదు. గైరో తన్నకపోతే వలయం తెగిపోయింది. దీన్నే ఇండిపెండెంట్ సస్పెన్షన్ అంటున్నాం.

అది వాళ్లే కనిపెట్టారని కాదు. ఇటలీలో లాన్సియా లాంబ్డా కారు 1922లోనే వేరే పద్ధతిలో ముందు చక్రాలని విడదీసింది. కానీ లక్షల కార్లు అచ్చుగుద్దే కంపెనీ ఆ పని చేయడం వేరే కథ. అమెరికా అప్పుడు మహా మాంద్యంలో మునిగి ఉంది. జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ తన ఆత్మకథలో ఆ 1933 నాటి చర్చలని ఆలీ మాటల్లోనే పొందుపరిచాడు. ఖర్చు ఎక్కువన్నారు, సరిపడా యంత్రాలు లేవన్నారు. చివరికి 1934 మోడళ్లలో కాడిలాక్, బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్‌కి ఆలీ పద్ధతీ, షెవర్లే, పాంటియాక్‌కి ఫ్రెంచి డ్యూబొనే పద్ధతీ పెట్టారు. షెవర్లే కొన్నేళ్లకి డ్యూబొనేని వదిలేసి ఆలీ పద్ధతికే వచ్చింది. ఫోర్డ్ మాత్రం అమెరికా కార్లలో 1948 మోడల్ దాకా పాత ఇరుసునే పట్టుకుని వేలాడింది.

ఇక్కడ నాకు నచ్చేది ఒకటుంది. పదేళ్లు ప్యాచ్‌లు వేసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. కానీ అందరూ "ఊపుని ఎలా ఆపాలి" అని అడిగారు. ఆలీ బృందం చేసిన పని "ఊపు పుట్టే దారి ఏది" అనే ప్రశ్నకి జవాబు.

విమానాల్లో అదే పీడ

కార్లలో నెమ్మదించిన షిమ్మీ విమానాల్లో తేలింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ముక్కు కింద చక్రం ఉన్న విమానాలు పెరిగాయి. నేల మీద పరిగెత్తేటప్పుడు ఆ చక్రం సూపర్ మార్కెట్ ట్రాలీ ముందు చక్రంలా గడగడలాడేది. ట్రాలీది నవ్వులాట, విమానానిది కాళ్లు విరిగే వ్యవహారం.

1930ల చివర్లో అమెరికాలో, నాసాకి ముందు రూపమైన నాకా సంస్థలో ఆర్థర్ కాంట్రోవిట్జ్ దీని మీద పనిచేశాడు. 1941లో జర్మనీలో ఫాన్ ష్లిప్పే, డీట్రిచ్ ఇద్దరూ టైరుని బిగించిన తీగలాగా ఊహించి లెక్క కట్టారు. సోవియట్ యూనియన్లో మస్తిస్లావ్ కెల్డిష్ దీని గణితం తేల్చి 1946లో స్టాలిన్ బహుమతి అందుకున్నాడు. తర్వాత సోవియట్ అంతరిక్ష కార్యక్రమానికి గణిత మేధస్సు అనిపించుకున్నదీ, వాళ్ల సైన్స్ అకాడమీకి అధ్యక్షుడైనదీ ఆయనే. యుద్ధంలో చెరోవైపున్న దేశాల వాళ్లు ఒకే చక్రం వణుకు మీద బుర్రలు బద్దలుకొట్టుకున్నారు చూడండి.

1966లో హాలెండులోని డెల్ఫ్ట్‌లో హాన్స్ పచేకా అనే ఆయన ఇదే షిమ్మీ మీద డాక్టరేట్ చేశాడు. 1980లలో మరికొందరితో కలిసి టైరు ప్రవర్తనకి ఆయన తయారుచేసిన సమీకరణానికి 'మ్యాజిక్ ఫార్ములా' అని పేరు. కార్ల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లలో, కొన్ని రేసింగ్ గేముల్లో కూడా టైరు కింద నడిచే లెక్క అదే. మీలో ఎవరైనా గేమ్ ఫిజిక్స్ కోడు చూసుంటే ఆయన పేరు తగిలే ఉంటుంది.

మన రోడ్ల మీద

మన దేశంలో ఈ చరిత్ర అంతా ఒకేసారి రోడ్డు మీద కనిపించేది. 1947 నుంచి మహీంద్రా వాళ్లు బిగించిన విల్లీస్ జీపులకి ముందు ఇరుసు ఒకటే. కింగ్ పిన్ బేరింగులు అరిగిన జీపు గుంతలో పడి లేస్తే ముందు చక్రాలు ఎలా కొట్టుకుంటాయో పాత ప్రభుత్వ జీపులు నడిపిన డ్రైవర్లని అడగండి. బండి దాదాపు ఆపితే తప్ప ఆ ఊపు ఆగదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రెండింటికీ ముందు చక్రాలు విడివిడిగానే ఉండేవి. 1983 డిసెంబర్లో వచ్చిన మారుతి 800 మెక్‌ఫర్సన్ స్ట్రట్‌ని ఇంటింటికీ తెచ్చింది. ఇప్పుడు మనం నడిపే చిన్న కార్లలో దాదాపు అన్నీ అదే.

అంటే అసలు సిసలు షిమ్మీ, తనంతట తాను పెరిగే ఊపు, మన కార్లలో అరుదు. మరి హైవే మీద మన చేతికి తగిలేదేమిటి? అది దాని తమ్ముడు. ఇక్కడ ఊపు తనంతట తాను పుట్టదు, ఎవరో తోస్తుంటారు.

చిన్న లెక్క చూద్దాం. 14 అంగుళాల రిమ్ము మీద 175/65 టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 1.83 మీటర్లు. 100 కి.మీ. వేగంలో సెకనుకి 15 చుట్లు. రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉందనుకోండి, ఆ వేగంలో అది సుమారు 32 న్యూటన్ల బలంతో, అంటే మూడు కిలోల పైన బరువుతో, సెకనుకి 15 సార్లు చక్రాన్ని లాగుతుంది. 50లో వెళ్తే ఇది నాలుగో వంతే. స్టీరింగు, సస్పెన్షన్‌ల సహజమైన ఊపు కూడా మామూలుగా సెకనుకి 10–15 ప్రాంతంలోనే ఉంటుంది. ఉయ్యాలని దాని తాళానికి తగ్గట్టు తోసినట్టే. అందుకే 80కీ 100కీ మధ్య వణికి, దాటితే తగ్గుతుంది.

కాబట్టి షాపుకెళ్లే ముందు మనమే లాగ్ చదవాలి. నేను చూసుకునే వరుస ఇదీ:

ఒక వేగం దగ్గరే వచ్చి, దాటితే తగ్గితే చక్రం బ్యాలెన్సు అనుమానించాలి. అదే వేగంలో గేరు మార్చి చూస్తే వణుకు మారిపోతోందా? అయితే అది ఇంజన్ వైపు సంగతి, చక్రాలది కాదు. స్టీరింగులో తెలిస్తే ఎక్కువగా ముందు చక్రాలు, సీట్లో, ఫ్లోర్‌లో తెలిస్తే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్కు మందంలో తేడా. 30–40లోనే తూలుతున్నట్టుంటే టైరు లోపల పొర విడిపోయిందేమో, రిమ్ము వంగిందేమో చూడాలి. గుంతలో పడ్డాక మొదలై ఆగకపోతే బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, బేరింగుల్లో లూజు. బండి ఒక పక్కకి లాగుతుంటే, టైర్లు ఒక అంచునే అరుగుతుంటే అది అలైన్‌మెంట్. వణుకుకీ అలైన్‌మెంటుకీ సంబంధం తక్కువ. అయినా వణుకుకి ఎక్కువగా అమ్ముడుపోయే మందు అదే.

మరమ్మతు కూడా చవకైన దాని నుంచే మొదలెట్టాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడటం, రిమ్ము లోపల ఎండిన బురద కడగడం, తర్వాత రెండు వైపులా బరువులు పెట్టే డైనమిక్ బ్యాలెన్సింగ్. చక్రం కూర్చునే హబ్బు మీద తుప్పుంటే బ్రష్షుతో గీకి, నట్లు ఎదురెదురుగా బిగించాలి. ఇవన్నీ అయ్యాకే పార్టులు మార్చే మాట.

జీరో చూపించిన మెషీన్

రెండేళ్ల కిందట మా కారుకీ ఇదే వచ్చింది. ఓ పెద్ద షాపులో బ్యాలెన్సింగ్ చేశారు. స్క్రీన్ మీద నాలుగు చక్రాలకీ జీరో. వణుకు మాత్రం పోలేదు. మళ్లీ వెళ్తే "మెషీన్‌లో జీరో వస్తోంది సార్, రోడ్డు అలా ఉంటుంది" అన్నారు. 'నా సిస్టమ్‌లో పనిచేస్తోంది' అని టికెట్ మూసేయడమన్నమాట.

విజయవాడ ఆటోనగర్లో ఓ పెద్దాయన మెషీన్ జోలికే పోలేదు. ముందు ఎడమ చక్రాన్ని వెనక్కీ, వెనకదాన్ని ముందుకీ మార్చి, "ఓ పది కిలోమీటర్లు తిప్పుకొని రండి సార్" అన్నాడు. వణుకు స్టీరింగులోంచి సీట్లోకి మారింది. మనం బైనరీ సెర్చ్ అంటామే, అదే. తర్వాత జాకీ ఎత్తి, ఆ చక్రాన్ని చేత్తో తిప్పుతూ, టైరుకి దగ్గరగా ఓ స్క్రూడ్రైవర్ కదలకుండా పట్టుకున్నాడు. ఒకచోట సందు దాదాపు మూసుకుపోయింది. టైరు అక్కడ చిన్నగా ఉబ్బి ఉంది.

"బ్యాలెన్సుంటే సరిపోదండీ, గుండ్రంగా కూడా ఉండాలిగా. లోపల పొర వదిలేసిందండి. పిల్లల్ని ఎక్కించుకుని దీనితో హైవే ఎక్కొద్దండీ" అన్నాడు.

మెషీన్ అబద్ధం చెప్పలేదు. చక్రాన్ని గాల్లో తిప్పి బరువు తేడా అడిగారు, తేడా లేదని చెప్పింది. రోడ్డు మీద బరువు పడినప్పుడు ఎలా దొర్లుతోందని ఎవరూ అడగలేదు. టైరుని రోలర్‌తో అదిమి తిప్పి చూసే యంత్రాలు వేరే ఉన్నాయి, అన్ని షాపుల్లో ఉండవు.

ఇప్పుడు బంతి మన కోర్టులో

ఈ కథ మనదాకా ఎందుకొచ్చిందంటే, షిమ్మీకి తాజా మందు సాఫ్ట్‌వేర్. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కొన్ని కార్లలో కంట్రోలర్ ఈ వణుకుని చక్రం తిరిగే వేగాన్ని బట్టి గుర్తుపట్టి, మోటారుతో సరిగ్గా ఎదురు తోసి, చేతికి తెలియకుండా చేసేస్తుంది. హైదరాబాదు, బెంగుళూరు ఆఫీసుల్లో ఆటోమోటివ్ కోడు రాసేవాళ్లు మనలో తక్కువేం లేరు.

ఇంజనీరుగా చూస్తే ముచ్చటైన పనే. కానీ ఆ పెద్దాయన స్క్రూడ్రైవర్ ముందు నిలబడి చూస్తే భయమేస్తుంది. పొర విడిపోతున్న టైరు మనతో మాట్లాడే భాష ఆ వణుకొక్కటే. దాని నోరు నొక్కేసి, సంగతి ఎవరికీ చెప్పకపోతే 1920ల నాటి డాంపర్‌నే కొత్త భాషలో రాసినట్టవుతుంది.

వణుకు తగ్గించొద్దని నేననను. సుఖం కోసమే కదా ఆలీ కూడా ఇదంతా చేసింది. అణిచేటప్పుడు ఎంత అణుస్తున్నామో కంట్రోలర్‌కి ఎలాగూ తెలుసు. ఆ అంకె నెలనెలా పెరుగుతుంటే డ్రైవర్‌కి 'ముందు చక్రాలు చూపించుకోండి' అని ఓ మాట చెప్పడం కోడులో పెద్ద పనేం కాదు. ఎర్రర్‌ని పట్టుకోవడం మంచిదే, పట్టుకుని లాగ్ చేయకుండా మింగేయడమే తప్పని కోడ్ రివ్యూల్లో రోజూ చెప్పుకుంటూనే ఉంటాం. ఆ నియమం గంటకి వంద కిలోమీటర్ల వేగంతో పోయే వస్తువుకి ఇంకా గట్టిగా వర్తించాలి.